పాత కొలతల సూటు

మోటారు సైకిలు మీద దూరాలు తిరిగేవాళ్ళు వేసుకునే సూట్లు రెండు రకాలని నాకు నలభై తొమ్మిదో ఏట తెలిసింది. మెడ దగ్గర నుంచి చీలమండ దాకా ఒకే ముక్కగా ఉండేది ఒకటి. కోటు వేరు, ప్యాంటు వేరుగా ఉండేది ఇంకొకటి. తిరువూరు మెయిన్ రోడ్డులో ముప్పై ఏళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్నవాణ్ణి. పెళ్ళి చీరల దగ్గర నుంచి లుంగీల దాకా దేని గురించైనా గంటసేపు మాట్లాడగలను. ఈ సూట్ల గురించి మాత్రం ఏమీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా లేదు.

అప్పటికి మా ఆవిడ పోయి ఎనిమిది నెలలయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, ఐదో రోజున పోయింది. నేను ఏడవలేదు. పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు నా వంక అనుమానంగా చూశారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, నన్ను నేనూ అలాగే చూసుకున్నాను. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు కదా, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. ఆకలి వేసేది కాదు, కోపం వచ్చేది కాదు. బేరమాడేవాళ్ళతో వాదించే ఓపిక లేక అడిగిన ధరకే ఇచ్చేస్తుంటే, పెనుగొలను నుంచి వచ్చే పాత ఖాతాదారొకాయన భయపడి, గుడ్డలో లోపమేమైనా ఉందా అని వెలుతురులో పట్టి చూసుకున్నాడు.

మూడో నెలలో పెద్ద బండి కొన్నాను. ఎందుకు కొన్నానంటే చెప్పలేను. ఇంట్లో ఏటి సూతకం, బండిని నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించే వీలు లేదు. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టకుండానే ఎక్కేశాను. రోజూ కొట్టు తెరిచే లోపల విస్సన్నపేట దాకా వెళ్ళి, టీ తాగి, తిరిగి వచ్చేవాణ్ణి. గాలి మొహానికి కొడుతుంటే అదొక్కటే కాస్త తెలిసేది. అలా తిరుగుతుండగా బెజవాడ నుంచి వచ్చే బండ్లవాళ్ళ బృందం ఒకటి పరిచయమైంది. చలికాలంలో కన్యాకుమారి వెళ్తున్నాం, రమ్మన్నారు. సరే అన్నాను. అయితే దెబ్బలు తగలకుండా కాపాడే సూటు లేనివాళ్ళను రానివ్వరట.

మా అమ్మాయి బెజవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఒక్కతే కూతురు. ఈ సంగతి చెప్పగానే రెండు రోజులు ఫోనులో ఎక్కడెక్కడివో చూసి, పరీక్షకు చదివినట్టు చదివి ఫోన్ చేసింది.

"నాన్నా, ఒకే ముక్కది తీసుకో. పడి జారినా కోటు పైకి లేచిపోదు. నడుం దగ్గర సందుండదు."

"మన ఎండల్లో అందులో దూరితే పడక ముందే ఉడికిపోతాను. దారిలో ఒకటికి వెళ్ళాలన్నా మెడ దగ్గర్నుంచి విప్పుకుంటూ రావాలి. రెండు ముక్కలదైతే కోటు విప్పి పక్కన పెట్టి టీ తాగొచ్చు."

అది నవ్వలేదు. "రెండు ముక్కలవాటికి నడుం చుట్టూ జిప్పుంటుంది. కోటునీ ప్యాంటునీ దాంతో కలిపేసుకోవాలి. అది ప్రతిసారీ వేసుకుంటావా?"

"వేసుకుంటాను."

"మాటివ్వు."

ఇచ్చాను. రంగు పోదండీ, గ్యారంటీ అని ముప్పై ఏళ్ళుగా అందరికీ ఇస్తున్న మాటలాగే ఇచ్చాను.

సూటు కుట్టి పంపే కంపెనీవాళ్ళు కొలతలు అడిగారు. మా కొట్టు అరుగు మీద మిషను వేసుకుని కూర్చునే టైలరు మా నాన్నగారి కాలం నాటి మనిషి. టేపు పట్టమంటే ఆయన మిషను ఆపలేదు.

"మీ కొలతలు నాకు నోటికొచ్చండి, రాసుకోండి" అని గడగడా చెప్పేశాడు. చివర్లో, "ఒక్కోదానికి రెండంగుళాలు కలపండి. ఉతికితే కుంచించుకుపోద్ది. మనకి లూజు అలవాటు కదండీ" అన్నాడు.

అలాగే కలిపి పంపాను. ఆ మధ్య బెల్టుకు రెండు బెజ్జాలు కొత్తగా పొడిపించుకున్న సంగతి నాకు తెలుసు. వాటిని పొడిచిన టైలరుకూ తెలుసు. ఆయన చెప్పినవి మా ఆవిడ వండిపెడుతుండగా ఉన్న మనిషి కొలతలు. ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ఒకవేళ నాకు వచ్చినా నోరు తెరిచి చెప్పేవాణ్ణని అనుకోను.

సూటు వచ్చింది. మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర లోపల గట్టి మెత్తలు పెట్టి కుట్టారు. నేను నడుస్తుంటే మోకాలి మెత్త పక్కకు తిరిగి పిక్క మీదికి పోయేది. చూశాను, ఊరుకున్నాను. నడుం జిప్పు కూడా ఒక్కరోజూ వేసుకోలేదు. బద్ధకం కాదు. కోటు అంచు పట్టుకుని తగిలించబోయేసరికి, ఇదంతా ఎందుకులే అనిపించి చెయ్యి వదిలేసేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున విస్సన్నపేట వైపు కాకుండా పెనుగొలను వైపు వెళ్ళాను. ఊరు దాటాక సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. మా వైపు అది మామూలే, అందరం పక్కనుంచి పోతాం. ఆ రోజు నేను వాటిని దూరం నుంచే చూశాను. బ్రేకు వేయడానికి బోలెడంత దూరముంది. వేయలేదు. నేరుగా గింజల మీదికి పోయాను. బండి ఒక పక్కకూ నేను ఒక పక్కకూ జారిపోయాం. కోటు చంకల దాకా లేచింది, వీపు రోడ్డుకు గీసుకుంది.

గింజలు తిరగేస్తున్న రైతు పరుగెత్తుకొచ్చి లేవదీశాడు. "ఎక్కడన్నా విరిగిందా అండి? చెయ్యి కదపండి ఓసారి" అని ఆయనే వణికిపోయాడు. నాకు గుండె కూడా గట్టిగా కొట్టుకోలేదు. చెదిరిన గింజలు ఎత్తబోతే ఆయన ఒప్పుకోలేదు.

వీపుకు మందు రాయించుకున్నాను. చిరిగిన ప్యాంటు తీసుకెళ్ళి టైలరుకిచ్చి మాసిక వేయమన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను భోజనానికి వెళ్ళగానే మా అమ్మాయికి ఫోన్ చేశాడట.

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి సరాసరి కొట్టుకొచ్చింది. టైలరు ముందే లేచి నిలబడి, "తప్పు నాదమ్మా. పాత కొలతలు చెప్పాను" అన్నాడు. ఆయన మెడలో ఉన్న టేపు అడిగి తీసుకుంది. కొనేవాళ్ళు ఎవరూ లేరు. నన్ను లోపలి గదిలోకి, తానులు పేర్చిన బీరువాల మధ్యకు పిలిచింది.

"చొక్కా విప్పు నాన్నా. ఒకే ముక్కది తెప్పిస్తున్నాను."

విప్పాను. వీపు చూసింది. తర్వాత దెబ్బకు తగలకుండా టేపు వేసి భుజాలు కొలిచింది, కాగితం మీద రాసుకుంది.

"జిప్పు వేసుకోలేదు కదూ?"

"లేదు."

"గింజలు కనపడలేదా?"

"కనపడ్డాయి."

"మరి ఆపలేదేం?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి, నాకు కష్టం కాదు. కానీ ఆ రోజు నోటికి అబద్ధం అందలేదు. "పోతే పోతాంలే అనిపించిందమ్మా" అన్నాను.

అది నా ఛాతీ చుట్టూ టేపు తిప్పి, ముందుకు తెచ్చి, అంకె చూసింది. రాసుకోలేదు.

"అప్పుడు నేను గుర్తొచ్చానా?"

"లేదు."

ఆ మాట చెబుతున్నప్పుడు కూడా నాకేమీ కాలేదు. అది మాత్రం అక్కడే కింద ఉన్న తానుల మీద కూర్చుండిపోయింది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆసుపత్రిలో గాని, శ్మశానానికి తీసుకెళ్తున్నప్పుడు గాని అది ఏడవలేదు. ధైర్యమున్న పిల్లని చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

"నేను ఏడిస్తే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నాను నాన్నా" అంది. "ఇన్నాళ్ళూ హాస్టల్లో బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను."

నేను నిలబడే ఉన్నాను. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు. భయం మాత్రం వేసింది. రోడ్డు మీద జారుతున్నప్పుడు వేయాల్సిన భయం ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. బీరువా పట్టుకున్నాను. ముందు రోజు రోడ్డు మీద నా తల కొంచెం అటు పడి ఉంటే ఈ పిల్లకు ఫోన్ చేసి చెప్పాల్సింది ఆ టైలరే. బస్సెక్కి వచ్చేది ఒక్కతే. వచ్చాక ఇంటి తాళం తీసేది కూడా అదే.

కాసేపటికి అది చున్నీతో మొహం తుడుచుకుంది. లేచి కాగితం వెతుక్కుంది. టేపు కిందపడి ఉంటే నేనే వంగి తీశాను, వీపు చుర్రుమంది. దాని చేతికిచ్చాను.

"నడుం కొలవలేదమ్మా ఇంకా" అన్నాను. "బిగుతుగానే పట్టు."