రిసొట్టోలో పిడికెడు రాగిపిండి

పక్కింటి టీచరమ్మ ఇచ్చిన పత్రిక చూసి ఈరోజు ఇటలీవాళ్ల రిసొట్టో చేశాను. అందులో బియ్యం వేయమని ఉంది. కొర్రలైతే ఇంకా బాగుంటుందని నేనే నిర్ణయించాను. కూరగాయలు ఉడికించిన వేడినీళ్లు గరిటె గరిటెగా పోస్తూ అరగంట కలిపాను. డబ్బా చీజు, మిరియాలు వేసేసరికి మీగడలా జారుతూ పత్రికలోని బొమ్మకంటే అందంగా వచ్చింది. స్టవ్వు ఆర్పి, టీచరమ్మను పిలుచుకు రావడానికి వెళ్లాను.

ఇద్దరం వచ్చేసరికి మా అత్తగారు స్టవ్వు మళ్లీ వెలిగించి, సంగటి కట్టెతో గిన్నెలో బలంగా గెలుకుతున్నారు.

“ఏం చేస్తాండారత్తా?”

“సంగటి పల్చగైపోయింటే పిడికెడు రాగిపిండి ఏసినా. నువ్వు సిగ్గుపడి యాడికో పోయినావనుకుంటి. బాధపడాకమ్మా, ఇప్పుడు ముద్ద నిలబడుతుంది.”

ముద్ద నిలబడింది. టీచరమ్మ దాని నడుమ గుంట చేసి, నెయ్యి పోయించుకుని రెండు ముద్దలు తిన్నారు.

“బాళ చెన్నాగుందమ్మా, శానా బాగుంది. పిండి ఎంత ఏస్తిరి?” అని అత్తగారినే అడిగారు.

అరగంట కలిపింది నేను, పిడికెడు పిండి వేసింది ఆవిడ. ఆ వంట ఎవరిదో మీరే చెప్పండి. మూడు ముద్దలు తిన్నదాన్ని, తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.