తన వైపుకు మడిచిన అరిటాకు

యూనివర్సిటీలో నేను చదివింది ఆసియా భాషలూ, సంస్కృతులూ. అందులోనూ ముఖ్యంగా జపనీస్. చదువయ్యాక తాడేపల్లిగూడెం వచ్చి మా కిరాణా కొట్లో కూర్చున్నాను. "ఆ భాషలో కందిపప్పు అడిగేవాళ్లొస్తే నిన్నే పిలుస్తాన్లేరా" అనేవారు నాన్నగారు. ఆయన పోయారు, నా జుట్టు నెరిసింది, అలా అడిగేవాళ్లు ఒక్కరూ రాలేదు.

నోట్లో ఆడకపోతే భాష పోతుందని భయం. ఆదివారాలు బస్సెక్కి కొల్లేటి గట్టుకు వెళ్లి గూడబాతులతో మాట్లాడేవాణ్ణి. అవి జవాబు చెప్పేవనీ, ఒక ముసలి గూడబాతైతే నా వ్యాకరణం దిద్దిందనీ కొట్లో చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్లూ ఉన్నారు. నిజానికి నేను నోరు తెరవగానే అవి లేచిపోయి దూరంగా వాలేవి.

పోయిన చలికాలం మండవల్లి నుంచి చేపల చెరువు రైతు ఒకాయన ఫోన్ చేశారు. చెరువులో గాలి కొట్టే యంత్రాలు చూపించడానికి జపాన్ నుంచి మనిషి వస్తున్నారట. "మీరొచ్చి కాస్త మాట్లాడి పెట్టాలండీ" అన్నారు. కొట్టు మూసి పరిగెత్తాను.

తీరా వెళితే యంత్రాల సంగతంతా ఆ జపాన్ ఆయన ఫోనే శుభ్రంగా తెలుగులో చెప్పేసింది. నేను గట్టు మీద ఆయనకు గొడుగు పట్టాను.

భోజనాల దగ్గర మాత్రం, చెయ్యి అన్నంలో పడగానే ఫోన్ జేబులోకి పోయింది. భయపడుతూ జపనీస్‌లో ఒక్క మాట అన్నాను. ఆయన ముద్ద ఆపి నా వైపు తిరిగారు. వాళ్ల ఊళ్లోనూ పెద్ద సరస్సు ఉందట, వాళ్లమ్మ చేపలు ఎండబెట్టేదట. చెబుతూనే ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నారు. మిగల్చకపోవడం వాళ్ల మర్యాద. ఖాళీ ఆకు చూసి ఊరుకోకపోవడం మన మర్యాద.

"ఏవండీ, పాపం పొద్దున్నుంచీ ఏం తినలేదేమో! ఇంకాస్త పులుసు వెయ్యనా?" అని నన్నడిగింది రైతుగారి భార్య.

"వెయ్యండమ్మా" అన్నాను. ఆకు ఖాళీ అయితే ఆయన లేచిపోతారుగా!

మళ్లీ తిన్నారు, మళ్లీ వడ్డించింది. చెమటలు పట్టి, మాటలాగిపోయి, నా వైపు దీనంగా చూశారు. ఇక చెప్పక తప్పలేదు. "ఆకు మీ వైపుకు మడవండి, ఇక వెయ్యరు." ఆయన వెంటనే మడిచేశారు.

"అదేంటండీ, ఇంకా పెరుగే వెయ్యలేదు!" అని ఆవిడ నా మీద కోప్పడింది.

మన వైపుకు మడిస్తే మళ్లీ వస్తానని అర్థం. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

కారు ఏలూరు వైపు వెళ్లిపోయింది. ఆవిడ ఆకులు తీయడానికి వచ్చింది.

"ఆయన ఆకు కాసేపుంచండమ్మా" అన్నాను.