మీటర్ల మీద బొట్టు

మా బామ్మర్దికి లారీ నేర్పమని మా ఆవిడ అడిగిన రోజున నాకు జ్వరం వచ్చి ఉంటే బాగుండేది. వాడు ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఎనిమిదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, ఇక ఆ కుర్చీ నా వల్ల కాదని లారీ లైసెన్సు తీసుకున్నాడు. ఈ పరాయి దేశంలో మేముండే హేస్‌లో, మా లారీల యార్డులోనే చేరాడు. వాడికి ఒంటరిగా బండి ఇవ్వాలంటే పక్కన కూర్చుని నేర్పిన డ్రైవరు కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పటికే ఇద్దరు పెట్టనన్నారు. మూడోవాణ్ణి నేను. నేనూ పెట్టకపోతే ఇంటికి పొమ్మని మేనేజరు ముందే చెప్పేశాడు.

వాడితో చిక్కంతా ప్రశ్నలతోనే. అద్దం ఇలా ఎందుకు, బ్రేకు అలా ఎందుకు. దసరాకు యార్డులో నా టిప్పర్‌కు పూజ చేశాను. నిమ్మకాయలు తొక్కించి, స్టీరింగుకూ మీటర్లకూ గంధం అద్ది కుంకుమ పెడుతుంటే అక్కడా వదల్లేదు.

"మీటర్ల మీద ఎందుకు బావా? పక్కన పెట్టు."

"పూజ దగ్గర కూడా నీ సందేహాలేనా? నోర్ముయ్!" అన్నాను.

నవంబరులో ఒక ఉదయం ఒక సైటులో మట్టి ఎత్తుకున్నాం. వాన పడి నేలంతా బురద. వెనక చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. అలాంటప్పుడే డిఫ్ లాక్ వేయాలి. మామూలుగా మలుపులో రెండు పక్కల చక్రాలు వేరువేరు వేగాలతో తిరుగుతాయి. లాక్ వేస్తే రెండూ కలిసే తిరగాలి, లాక్ పడినట్టు ఒక దీపం వెలగాలి. బురదలో అది వరం. గట్టి రోడ్డెక్కాక తీయకపోతే మాత్రం బండి మలుపు తిరగనని మొండికేస్తుంది, ఇరుసు కూడా విరగొచ్చు.

ఇదంతా వాడికి ఆరుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చక్రాలు గిరగిరా తిరుగుతుండగానే స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఒరేయ్, ముందు ఆపరా! చక్రాలు ఆగాకే లాకు! లోపల గేరు పళ్ళన్నీ రాలగొడతావా ఏంది?"

ఆపాడు. నొక్కాడు. "లైటు వెలగలేదు బావా."

"వెలిగే ఉంటుందిలే. నువ్వు ముందు చూడు."

బండి మెల్లగా, తిన్నగా బురద దాటింది. గేటు దగ్గర స్విచ్ తీయించాను. స్విచ్ తీసినంత మాత్రాన లాక్ వదిలినట్టు కాదు. బిగుసుకుని ఉంటే కాస్త ముందుకో వెనక్కో కదిలాకే వదులుతుంది. అందుకే దీపం ఆరేదాకా మలుపు తిప్పకూడదు.

"దీపం ఉందా?"

"లేదు బావా."

"అయితే పోనియ్."

రోడ్డెక్కి ఎడమకు తిప్పాడు. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు. రోడ్డు దాటి ఎదురుగా బస్‌స్టాపులో నిలబడ్డ ముసలావిడ మీదికి తిన్నగా పోయింది. వాడు బ్రేకు తొక్కాడు. ఆవిడ చేతిసంచికీ మా బంపరుకూ మధ్య జానెడు దూరం మిగిలింది.

దిగి ఆవిడకు క్షమాపణ చెప్పి, మళ్ళీ ఎక్కి వాణ్ణి అందుకున్నాను. వాడి చదువును తిట్టాను, వాడి బుర్రను తిట్టాను. వాడేమో "దీపం లేదు బావా, నిజంగా లేదు" అంటాడు. చూపిద్దామని వాడి మీదుగా వంగాను. దీపం ఉండాల్సిన చోట నేను పెట్టిన బొట్టు ఉంది. బొటనవేలు తడిచేసుకుని తుడిచాను. దాని కింద పసుపు దీపం వెలుగుతూనే ఉంది.

రోజూ పొద్దున బండి తీసేముందు దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూసి కాగితం మీద టిక్ పెట్టాలి. దసరా నుంచి ఆ రోజు దాకా నాకు లాక్‌తో పని పడలేదు. టిక్ మాత్రం రోజూ పెట్టాను. చూడకుండా, ఆ బొట్టుకే దండం పెట్టుకుని మరీ పెట్టాను. నా మీద నాకు వచ్చినంత కోపం వాడి మీద ఎన్నడూ రాలేదు.

యార్డుకు చేరేసరికి సైటు నుంచి ఫోను వచ్చేసింది. తప్పెవరిదని మేనేజరు అడిగాడు.

"నాదే" అన్నాడు మా బామ్మర్ది, తలొంచుకుని.

తప్పు ఎవరిదో వాడికి తెలుసు, నాకూ తెలుసు. మేనేజరు వాడి కాగితం తీసి పక్కన పెట్టబోయాడు.

"వాడిది కాదు, నాది" అన్నాను. దీపం సంగతి, బొట్టు సంగతి, టిక్కుల సంగతి అన్నీ చెప్పాను. నన్ను మర్నాటి నుంచి బండి ఎక్కొద్దన్నాడు, మళ్ళీ ట్రైనింగుకు పొమ్మన్నాడు. సరేనని వాడి కాగితం అడిగి తీసుకున్నాను. సంతకం పెడుతుంటే బొటనవేలి కుంకుమ వాడి పేరు పక్కన అంటుకుంది.