ఆగుమనే కబురు

జనగామ పిల్లల డాక్టరు సారు ఇక లేరని మొన్న పొద్దున ఆయన కాంపౌండరు ఫోన్ చేసి చెప్పాడు. టీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. మంచాన పడలేదు, ఎవరి చేతా సేవలు చేయించుకోలేదు. ఏడుపు వచ్చింది. ఆయన బాధపడకుండా వెళ్లారని తెలిసి మనసు కొంత కుదుటపడింది కూడా.

ఆయన్ను నేను మొదటిసారి చూసింది నడిరోడ్డు మీద. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె సాగుతున్న రోజులవి. మాది దేవరుప్పుల దగ్గర పల్లె, నేను అంగన్‌వాడీ టీచరును. నా బిడ్డకు అప్పటికి ఏడాది నిండలేదు. ఉన్నట్టుండి తల ముందుకు వాలిపోయేది, చేతులు రెండూ ఎగిరిపడేవి. జడుసుకుందని కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నాం. మా అత్తమ్మ మాత్రం తప్పు నాదేననేది.

"కడుపుతోని ఉండి ధర్నాలల్ల కూసున్నది. గా ఎండ, గా లొల్లి పిల్లకు తగిలింది."

అదే నిజమని నేనూ నమ్మాను. బిడ్డను ఎత్తుకున్న ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చేది.

ఒకరోజు పిల్ల ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది, ఎంతకీ ఆగలేదు. ఆటోలో జనగామకు పరుగెత్తాం. ఊరి మొదట్లోనే సమ్మెవాళ్లు నిరసనగా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నా చేతుల్లో పిల్లను చూసి ఒకాయన కేకేశాడు: "సారూ, జర జల్ది రాండ్రి! పిల్లకు ఫిట్స్ వచ్చినయి!"

జెండాలు పట్టుకున్న జనంలోంచి, పులిహోర చేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ సారు వచ్చారు. మాతోపాటే ఆటో ఎక్కారు. ఆ రోజు మూసి ఉన్న తన దవాఖాన తెరిపించి సూది వేశారు. పిల్ల సద్దుమణిగింది. అప్పుడు స్టెతస్కోపును అరచేతిలో రుద్ది, వెచ్చబడ్డాక ఛాతీ మీద పెట్టారు. ఎంత తొందరలో ఉన్నా పసిపిల్లలకు చల్లటి ఇనుము తగలనిచ్చేవారు కాదు.

గౌను పైకెత్తి వీపు చూశారు. "ఈ తెల్ల మచ్చలు ఎప్పటి సంది ఉన్నయమ్మా?"

"పుట్టినప్పటి సందే సారు."

ఆయన మచ్చలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. "ఇసొంటి మచ్చలుంటే బుర్ర ఫోటో తీపియ్యాలె. పట్నంల నాకు తెల్సిన డాక్టరున్నడు, నేను మాట్లాడుత" అన్నారు.

పట్నంలో స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాక మళ్లీ సారు దగ్గరికే వచ్చాం. అత్తమ్మ కూడా వచ్చింది. సారు ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అవ్వా, మన ఒంట్లె కణాలుంటయి. పెరుగుమని వాటికి ఒక కబురు అందుతది. ఇగ సాలు, ఆగుమని ఇంకోటి అందుతది. నీ మనవరాలికి గా ఆగుమనే కబురు చెడిపోయింది. కడుపుల బుర్ర తయారైతున్నప్పుడే కొన్ని కణాలు ఆగకుంట పెరిగి గడ్డలు కట్టినయి. ఫిట్స్ గా గడ్డలతోనే లేస్తున్నయి."

"మరి గిది ఎవల తప్పు సారూ?"

"ఎవల తప్పు కాదు. నీ కోడలు ధర్నాల కూసున్నా గంతే, ఇంట్ల పండుకున్నా గంతే."

అత్తమ్మ నా వైపు చూడలేదు. పిల్లను నా ఒడిలోంచి తీసుకుని, "నువ్వు జర చాయ తాగి రాపో బిడ్డా, పొద్దటి సంది ఏం తినకపోతివి" అంది. బయట బల్ల మీద కూర్చుని నేను ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఇన్ని నెలల తర్వాత ఊపిరి హాయిగా ఆడింది.

మందు మొదలుపెట్టాక ఫిట్స్ ఒక్కసారిగా పోలేదు. మధ్యమధ్య వచ్చినప్పుడల్లా సారుకు ఫోన్ చేసేదాన్ని. "భయపడితే భయపడు గని మందు మాత్రం మానకు" అనేవారు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఆ పెరుగుమనే కబురునే తగ్గించే మాత్ర రాశారు పట్నం డాక్టరు. ఆ సంగతి చెబితే సారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అన్నీ సర్దుకోలేదు. నా బిడ్డ తోటివాళ్ల కంటే చదువులో వెనకే ఉంది, లెక్కలు అస్సలు రావు. కానీ చివరిసారి ఫిట్స్ వచ్చి ఏళ్లు గడిచాయి. కిందటిసారి కలిసినప్పుడు ఆ మాట ఆయనకు తనే చెప్పింది: "సారూ, నాకిప్పుడు వస్తలేవు." నేను చెప్పాల్సిన కృతజ్ఞత కూడా అందులోనే ఉందనుకుంటాను.

అంత్యక్రియలు చూసి బస్సులో తిరిగి వస్తున్నాం. బిడ్డ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా దాని చెయ్యి కూడా ఎగిరి ఒళ్లో పడుతోంది. ఒకప్పుడైతే చెయ్యి ఎగిరిందంటే ఫిట్సేమోనని ఉలిక్కిపడేదాన్ని; ఇప్పుడు నేను దాని ముఖం వైపు తిరిగి చూడలేదు. బయట పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, వాటినే చూస్తూ కూర్చున్నాను.