పగుళ్ల ముగ్గు

నైజాం రాజ్యం చివరి రోజుల్లో నేను మహేశ్వరం నుంచి ఇబ్రహీంపట్నంలోని ఒక కుమ్మరి ఇంటికి కోడలిగా వచ్చాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మట్టి తొక్కడం ఆడవాళ్లది. సారె తిప్పడం, ఆరీఆరని కుండను చెక్కతో కొట్టి కడుపు తీర్చడం మగవాళ్లది. సారెను ఆడవాళ్లు ముట్టకూడదు. ముట్టాలన్న సరదా నాకూ లేదు, తొక్కడానికే నడుము పడిపోయేది.

నేను వచ్చిన ఏడు, కుండలు కాల్చే ఆవం తెరిచినప్పుడల్లా కొన్ని పగిలి వచ్చేవి. నాలుగు ఖంగుమని మోగితే, పక్కనే రెండు కడుపు దగ్గర చీలి ఉండేవి. మామ అటూ ఇటూ చూసి తప్పంతా నా కాళ్ల మీద వేశాడు. కొత్త కోడలు రాళ్లు ఏరడం లేదట, సరిగా తొక్కడం లేదట. ఈసారి ఆవం కూడా ఇట్లాగే పోతే మహేశ్వరం పంపిస్తానని, పని నేర్చుకున్నాకే రమ్మని మామ మా ఆయన ఎదుటే అన్నాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పని రాదని కోడల్ని వెనక్కి పంపితే మా అమ్మ ఏ మొహం పెట్టుకుని వాడకట్టులో తిరుగుతుంది? నా కాళ్ల సంగతి నాకు తెలియదా!

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వచ్చిందల్లా ముగ్గు. దొడ్డిగోడ మీద సున్నంతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. రోజుకొక నిలువు వరస, ఆ రోజు మామ కొట్టి తీర్చిన కుండకొక చుక్క. అది అత్తమ్మ తొక్కిన మట్టయితే వరస కింద పసుపు బొట్టు, నాదైతే కుంకుమ బొట్టు. కాల్చాక ఏది ఏ రోజుదో తెలియాలి కదా, అందుకని పచ్చి కుండల అడుగున గోటితో గీతలు గీసేదాన్ని. మొదటి రోజుకు ఒకటి, రెండో రోజుకు రెండు. పదో రోజుకు గీతలు పట్టక వంకరగీతలకు దిగాను. గోడ చూసి అత్తమ్మ ఇంట్లో పండుగేమైనా ఉందా అని అడిగింది. ఉందన్నాను.

ఆవం పేర్చేటప్పుడు కుండలు అందించింది నేనే. ఏ రోజువీ ఒకేచోట పడకుండా కలగలిపి అందించాను. రేపు మంటది తప్పో మట్టిది తప్పో తేలాలి మరి.

ఆవం తెరిచిన పొద్దున ఒక్కో కుండనూ తిరగేసి, పగిలినదాని చుక్క మీద ఎర్రమన్ను అద్దాను. గాలి వైపు పెట్టినవే పగిలాయా అంటే, కాదు. నా మట్టివే పగిలాయా అంటే, అత్తమ్మ మట్టివీ పగిలాయి. ఎగిరి గంతేయాలనిపించింది. ముగ్గురినీ గోడ దగ్గరికి పిలిచాను. పిలిచాకే పూర్తిగా చూశాను. ఎరుపంతా మూడు వరసల్లోనే ఉంది.

ఆ మూడు రోజులూ నాకు బాగా గుర్తే. నైజాం వైపు తుపాకులవాళ్ల లారీ ఊళ్లోకి వచ్చిన రోజులవి. చప్పుడు వినగానే అత్తమ్మ నన్ను లోపలి గదిలోకి లాక్కుపోయి గొళ్లెం పెట్టేది. మా ఆయన చెరువు కట్ట వెనక్కి ఉరికేవాడు. మామ ఒక్కడే వాకిట్లో కూర్చుని కుండలు కొడుతుండేవాడు. ఎవడొచ్చినా తను లేచేది లేదని, తన చెక్క దెబ్బ వాళ్లింకా రుచి చూడలేదని వాడకట్టంతా వినేలా చెప్పుకునేవాడు. మేమూ నమ్మేవాళ్లం.

కొట్టేటప్పుడు కుండ లోపల ఎడమచేత్తో రాయి ఆనిస్తారు, బయట కుడిచేత్తో చెక్క వేస్తారు. రాయి కదిలితే ఒకచోట దళసరి, ఒకచోట పలచన. పలచనైన చోటే మంటకు చీలుతుంది. గోడ మీద ఉన్నది మామ భయమని నాకు అర్థమైంది. కొట్లాడదామని పిలిచినదాన్ని, మాట మార్చేశాను.

"మట్టే మామా. ఆ దినాల మట్టిల ఏందో ఉన్నది," అన్నాను. నా తప్పు నేనే ఒప్పుకున్నట్టయింది. మహేశ్వరం దారి కళ్లముందు కనబడి ఏడుపొచ్చింది.

మామ గోడ దగ్గరికి జరిగాడు. ఒక్కో ఎర్ర వరస మీద వేలు పెట్టి అది ఏ రోజని అడిగాడు. చెప్పాను. అప్పుడు తన ఎడమచేయి తెరిచి చూసుకున్నాడు.

"మట్టి మంచిగనే ఉన్నది బిడ్డా. లారీ వస్తే నా చేతులు వణుకుతయ్. మస్తు భయమైతది," అన్నాడు. "నువ్వు ఏడికీ పోవద్దు."

మర్నాటి నుంచి అత్తమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. లారీ వస్తే మామ కూడా మాతో పాటు లోపలికి రావాలి. అది పోయాక, వణుకు తగ్గేదాకా మాతో మట్టి తొక్కాలి. కాళ్లు ఎంత వణికినా మట్టికి నష్టం లేదని ఆమె లెక్క. మగమనిషి మట్టి తొక్కడమేమిటని వాడకట్టు నవ్వింది. నేను మాత్రం ఊరుకుంటానా? రాళ్లు సరిగా ఏరమని మామను రోజుకు పదిసార్లు సతాయించాను. ఆయన నవ్వుతూ ఏరేవాడు. పగుళ్లు ఆగిపోయాయి.

పోలీసు చర్య అయి, యూనియన్ సైన్యం లారీలు ఊరి మీదుగా పోయిన పొద్దున జనమంతా రోడ్డు మీదికి ఉరికారు. నేనూ ఉరికాను. సంబరంగా ఇంటికి తిరిగొస్తే మామ పంచె ఎగ్గట్టి ఒంటరిగా మట్టి తొక్కుతున్నాడు. ఇవి వేరే లారీలని, ఇక భయం లేదని చెప్పాను.

"నాకు ఎరికనే బిడ్డా. ఈ చేతులకే ఇంకా ఎరిక కాలే," అన్నాడు.

నేను కుచ్చిళ్లు ఎగదోపి ఆయన పక్కన మట్టిలోకి దిగాను.