పోలింగ్ బూత్‌లో వేడెక్కిన ల్యాప్‌టాప్

ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒక ఎన్నికల్లో నాకు వెబ్‌కాస్టింగ్ పని పడింది. పోలింగ్ బూత్‌లో ల్యాప్‌టాప్‌కు కెమెరా తగిలించి, లోపల జరిగేదంతా కడపలో అధికారులకు కనపడేలా చూడటం ఆ పని. మాది ప్రొద్దుటూరు. నన్ను పంపింది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెకు. ఫ్యాక్షన్ గొడవలు చల్లబడినా ఆ బూత్‌ను ఇంకా సమస్యాత్మకమనే రాసేవారు.

రేకుల కప్పు వేసిన బడి గది. రెండు పార్టీల ఏజెంట్లు ఒకే బెంచీ మీద, మధ్యలో బోలెడు జాగా వదిలి కూర్చున్నారు. ఒకాయన పెద్దవాడు. గొడవల్లో ఆయన తమ్ముణ్ణి చంపింది రెండో ఆయన వర్గమేనని, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవని పొద్దున టీ ఇచ్చిన ఆమె నా చెవిలో చెప్పింది.

మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టింది. అడుగున చెయ్యి పెడితే కాలింది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. కడప నుంచి ఫోను.

"ఏందమ్మా, బొమ్మ నిలబడిపోతాంది? కెమెరా ఎవరన్నా ముట్టుకున్న్యారా?"

కెమెరా ముట్టుకున్నారన్న మాట బయట క్యూలోకి పాకితే మళ్ళీ గొడవ లేస్తుందని భయమేసింది.

"ఎవురూ ముట్టుకోలేదు సార్. ప్రాసెసర్ శానా వేడెక్కింది. కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటాంది," అన్నాను, గదిలో అందరికీ వినపడేలా.

పెద్దాయన లేచాడు. "చల్లబడితే సరిపోతాదా?"

"సరిపోతాది పెద్దాయనా."

ప్రిసైడింగ్ ఆఫీసర్ తలూపాడు. రెండో ఆయన వచ్చి బల్ల మీది గుడ్డ లాగేసి, అడుగున గాలి ఆడేలా ల్యాప్‌టాప్ కింద రెండు చాక్‌పీసు పెట్టెలు పెట్టాడు. పెద్దాయన తను తెచ్చుకున్న విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఆయన చెయ్యి నెమ్మదించింది.

"ఇట్ట తే మామా, నీ చెయ్యి నొచ్చింటాది," అన్నాడు రెండో ఆయన.

సిరా పెట్టే ఉద్యోగిని ఓటరు వేలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు. తర్వాత విసనకర్ర ఇచ్చాడు.

మెల్లగా ఫ్యాను రొద తగ్గింది. తెర మీద మనుషులు మామూలుగా నడిచారు. వేడికి ప్రాసెసర్ వేగం తగ్గుతుందని, చల్లబడితే పుంజుకుంటుందని పుస్తకంలో చదివాను గానీ కళ్ళారా చూడటం అదే మొదలు. అయినా నా చూపు వాళ్ళ మీదే నిలిచిపోయింది. సాయంత్రం దాకా ఇద్దరూ వంతులేసుకుని విసురుతూనే ఉన్నారు. మళ్ళీ ఒక్క మాటా అనుకోలేదు. ఓటింగ్ యంత్రాలకు సీళ్ళు వేశాక ఎవరి మనుషులతో వాళ్ళు వెళ్ళిపోయారు.

బొమ్మ బాగా వచ్చిందని చెప్పడానికి కడప నుంచి ఫోను చేశారు. "ఇద్దరూ వంతులేసుకుని విసిరినారు సార్," అన్నాను.