కిటికీకి కట్టిన గొంగడి

నిన్న ముసురులో మిర్యాలగూడ బస్సెక్కితే పక్కన ఒక గొర్రెల కాపరి కూర్చున్నాడు. తడిసిన గొంగడి వాసన తగలగానే నాకు అనంతయ్య సారు గుర్తుకు వచ్చారు. ఇంటికి చేరి పాత డైరీ తీశాను. సూర్యాపేట పట్టణ కమిటీకి మా వార్డు సభ్యుణ్ణి ఎన్నుకున్న రోజున నేను రాసుకున్నది ఇంతే: "ముసురు, చలి. అమ్మ ఓటు వేసింది." నిజాం పాలన ముగిసిన కొన్నేళ్లకు జరిగింది అది.

అప్పుడు నేను కమిటీ కచేరీలో కొత్త గుమాస్తాను. మా వార్డు పోలింగుకు బడిపంతులు అనంతయ్య సారు అధికారి, నేను ఆయన సహాయకుణ్ణి. పోటీలో ఇద్దరే ఉన్నారు: వీధిలోని దుకాణాలన్నింటికీ యజమాని అయిన దొర, మురికికాలువ తవ్విస్తానన్న దర్జీ మల్లయ్య. మా అమ్మ అటుకుల దుకాణం దొర కిరాయికిచ్చినదే. ఏటా వానాకాలం అందులోకి మురుగు వచ్చేది. ఆమెకు కాలువా కావాలి, దుకాణమూ నిలవాలి. తనకు ఓటు వేయనివాళ్లు మరునాడే ఖాళీ చేయాలని దొర ముందే చెప్పి పంపాడు.

బడి గదిలో రెండు పెట్టెలు పెట్టాము; దొరది ఎర్రది, మల్లయ్యది పచ్చది. ఓటరు చీటీ తీసుకుని ఒంటరిగా లోపలికి వెళ్లి, తనకు నచ్చిన పెట్టెలో వేసి రావాలి. ఉదయమే బల్ల, చీటీలు సర్ది, అన్నీ సరిగ్గా ఉన్నాయని నివేదించాను. సారు కూర్చోలేదు.

"నువ్వు కూసునే జాగ బాగనే ఉన్నది. ఓటేసేటోళ్లు నిలబడే జాగల నిలబడి సూసినవా?"

వెళ్లి పెట్టెల ముందు నిలబడ్డాను. ఎదురుగా తలుపులు ఊడిపోయిన కిటికీ. దాని అవతల దొర వరండా. దొర కిరాయిలు వసూలు చేసే రంగయ్య అక్కడ అప్పటికే కుర్చీ వేసుకుని, పెట్టెలకేసి చూస్తూ ఉన్నాడు.

సారు తన భుజం మీది గొంగడి తీసి కిటికీ చువ్వలకు బిగించి కట్టారు.

"సారూ, లోపల గాలాడొద్దా?" అని అరిచాడు రంగయ్య.

"గాలికి ఓటు లేదు రంగయ్యా."

"మా వరండల మేం కూసోవద్దా?"

"కూసో, ఎవలు వద్దన్నరు? పొద్దుగూకేదాక నా గొంగడి సూసుకుంట కూసో."

వరుసలో నిలబడినవాళ్లు గొల్లున నవ్వారు. అంతవరకు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

అమ్మ వంతు వచ్చింది. చీటీ అందుకుంటూ, "కిటికీల కెల్లి కనపడ్తదంటున్నరు బిడ్డా" అన్నది మెల్లగా. నేను నోరు తెరిచేలోగా సారు అందుకున్నారు.

"అక్కా, లోపలికి పోయి సూడు. రంగయ్య కనపడితే చీటీ పట్టుకుని ఎనకకు రా. కనపడకుంటే నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి."

ఆమె చీటీ వెనక్కి తేలేదు. నెత్తి మీది మోపు దింపుకున్న మనిషిలా బయటికి వచ్చి, సారుకు దండం పెట్టి వెళ్లిపోయింది. సారు మాత్రం పలుచని చొక్కాతో సాయంత్రం దాకా చలికి వణుకుతూనే కూర్చున్నారు.

మల్లయ్య గెలిచాడు. మరునాడు దొర దుకాణం దుకాణం తిరిగాడు. "మీకే ఏసిన దొరా, ఇంకెవలకేస్త?" అన్నది అమ్మ. పక్క దుకాణంలోనూ అదే మాట, ఆ పక్కనా అదే. లెక్కల మనిషిని కనుక ఆ మాటలన్నీ కూడి చూశాను: వీధి చెప్పిన ప్రకారమైతే మల్లయ్యకు ఒక్క ఓటూ పడకూడదు. ఎవరిని వెళ్లగొట్టాలో దొరకు తెలియలేదు; అందరినీ వెళ్లగొడితే కిరాయి ఇచ్చేవాళ్లుండరు. వచ్చిన దారినే ఇంటికి పోయాడు. మా దుకాణం నిలిచింది.

"ఎవలకేసినవే అమ్మా?" అని అడిగాను ఆ పూట.

"సారే అడగలే, నువ్వడుగుతవా? అన్నం తిను."

తరువాత కోదాడలో, మిర్యాలగూడలో నేనే పోలింగు అధికారిగా పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా నా కుర్చీ చూసుకోకముందే ఓటరు నిలబడే చోట నిలబడి నలుదిక్కులా చూస్తాను. సంచిలో ఒక దుప్పటి తప్పక ఉంటుంది. సారు లేరు, అమ్మా లేదు. ఆమె చీటీ ఏ పెట్టెలో పడిందో నాకు ఈనాటికీ తెలియదు. ఏదైనా తెలియకపోతే నిద్రపట్టని వాణ్ణి. ఈ ఒక్కటి తెలియకపోవడమే నాకు నిశ్చింత.